గోడకెక్కనన్న తుపాకీ

గుణదల,
20 జనవరి 2025, సోమవారం.

పూజ్యులైన మాతామహులు అంతోని గారి దివ్యసముఖమునకు,

ఇవాళ పొద్దున్నే మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, స్టెల్లా పిన్ని కాఫీ కూడా పెట్టకుండా నా మంచం దగ్గర నిలబడి ఉంది. "శాలూ, మీ తాత స్టీఫెన్ వ్యానులో అరటిగెలతో పాటు ఒక పట్టకారు, ఎండుచేపల కంపు కొట్టే సంచీ పంపాడు. ఈ వయసులో పళ్ళు పీకే పని మొదలుపెట్టాడా?" అంది. అది పళ్ళు పీకేది కాదు, తుపాకీ గుండ్లు పోసే అచ్చు అని చెప్పాను. పిన్ని ముఖం చూస్తే పళ్ళు పీకేదే నయం అనిపించింది.

తమరి ఆజ్ఞ ప్రకారం ఫోను చేయడం లేదు. ఫోనులో గుండు, మందు అని మాట్లాడితే పోలీసులు వింటారని తమరి భయం. తుపాకీకి లైసెన్సు ఉంది. గుండ్లు పోసుకునే అనుమతి కూడా దాని మీదే రాసి ఉంది. పాపం వాళ్ళు విన్నా ఏమవుతుంది? నిద్ర వస్తుంది.

బందరు నుంచి వచ్చిన కాగితాన్ని సురేష్ మామయ్య నాకు శుభలేఖ చదివినంత సంతోషంగా చదివి వినిపించాడు. ఫిబ్రవరి 28న పోలీసు మైదానంలో తుపాకీ పేల్చి చూపాలి. యాభై మీటర్ల దూరంలో ఉన్న చెక్క పలకకి ఒక్క గుండైనా తగిలితే, తమరికి వయసు మీరింది కాబట్టి, లైసెన్సు వారసురాలినైన నా పేరు మీదికి మారుతుంది. తగలకపోతే గొట్టం మూసేసి, ఇది బొమ్మ అని రాసిచ్చేస్తారు. ఆ బొమ్మ కోసం మామయ్య మంగళగిరి బైపాస్ మీద కట్టిస్తున్న "షికారి బిర్యానీ" హోటల్లో, క్యాష్ కౌంటర్ పైన మేకులు కూడా కొట్టించేశాడు. కన్నతండ్రి తుపాకీ మీద ఎంత నమ్మకం!

కాలువ లాకుల మీద అధికారిగా ఉన్న ఇంగ్లీషు దొర ముత్తాతకిచ్చిన తుపాకీ ఇది. కింద మీట లాగి తోస్తే తూటా మారుతుంది. దానికి కంపెనీ తూటాలు ముత్తాత రోజుల్లోనే దొరకడం మానేశాయి కాబట్టి, ఖాళీ ఇత్తడి గొట్టాల్లో మనం పోసిన సీసం గుండే పెట్టుకోవాలి. అంతవరకు అర్థమైంది. కానీ సంచీలో తమరు పెట్టిన చీటీ అర్థం కాలేదు. "గుండు వారసురాలే పోయాలి, ఇది మన ఇంటి నియమం." ఈ నియమం నా ఇరవై రెండేళ్ళ జీవితంలో ఒక్కసారైనా ఎందుకు వినపడలేదు?

సీసం ఎంతసేపు కాగాలి? అచ్చు ఎలా పట్టుకోవాలి? వివరంగా సెలవియ్యగలరు.

తమరి ఆజ్ఞాబద్ధురాలు,
శాలిని (ఎం.ఏ. తెలుగు, మొదటి సంవత్సరం)


చినలంక,
23 జనవరి 2025, గురువారం.

శాలినికి తాతయ్య దీవెనలు.

"దివ్యసముఖం" అంటే నా ముఖమేనా అని మీ అమ్మమ్మని అడిగాను. అద్దం తెచ్చి ఇచ్చింది. ఇకమీదట "తాతయ్యా, నువ్వు" అని రాయి. "తమరు" అని చదివినప్పుడల్లా ఎవరో వెనక నిలబడ్డారేమో అని తిరిగి చూస్తున్నాను.

గుండు పోయడం పెద్ద విద్య కాదు. సంచీలో ఉన్నవి పాత విసురువల అంచుకి కట్టే సీసం గుండ్లు. వాటిని ఇనప గంటెలో కరిగించు. పైన తెట్టు కడుతుంది, తీసెయ్యి. అచ్చు మూసి, పై చిల్లులోంచి పొయ్యి. గట్టిపడ్డాక తెరిస్తే గుండు రాలుతుంది. ముఖ్యమైన సంగతి, అచ్చు చల్లగా ఉండాలి. ఒక్కొక్క గుండుకీ మధ్య ఫ్యాను కింద పెట్టి ఆరనివ్వు. మా నాన్న అలాగే చేసేవాడు. తూటాలో మందు నింపే పని మాత్రం నాది. అది నీకు చెప్పను, అడగకు.

మీ మామ మొన్న వచ్చాడు. "నాన్నా, పందుల్ని తోలడానికి తుపాకీ ఎందుకు, టపాకాయలు కాల్చు" అన్నాడు. వాడికి తెలియదు. మొన్నటి ఎన్నికల్లో గెలిచినవాళ్ళు నెల రోజులు టపాకాయలు కాల్చారు. ఏటి పొదల్లోని పందులన్నీ వాటికి అలవాటు పడిపోయాయి. ఇప్పుడు టపాకాయ పేలితే ఎవరో గెలిచారనుకుని పసుపు తోటలోకి విందుకి వస్తున్నాయి. తుపాకీ మోతకి మాత్రమే పరుగెత్తుతాయి. అది మూగబోతే నాకు పసుపు లేదు, అరటి లేదు. తోటని చేపల చెరువు తవ్వుకునేవాళ్ళకి ఇచ్చేసి గట్టు మీద కూర్చోవాలి. మీ మామ అప్పుడే ఒకాయన్ని తీసుకొచ్చి చూపించాడు. ఆయన పొలం అంతా తిరిగి "మట్టి బాగుందండీ" అన్నాడు. పంట చూడలేదు, మట్టి చూశాడు.

అందుకని నువ్వు జాగ్రత్తగా పొయ్యి.

తాతయ్య


గుణదల,
30 జనవరి 2025, గురువారం.

ప్రియమైన తాతయ్యా,

నువ్వు. నువ్వు. నువ్వు. తృప్తేనా?

వంటింట్లో మొదలుపెట్టాను. గంటె వేడెక్కగానే, వల సీసానికి అంటుకున్న చేపల వాసన ముందు లేచింది. పిన్ని నన్నూ, గంటెనీ, నీ పేరునీ కలిపి డాబా మీదికి తరిమింది. ఇప్పుడు నా కమ్మరికొలిమి డాబా మీదే. బొగ్గుల కుంపటి, మూతికి గుడ్డ, చేతికి తోలు తొడుగు. పక్క డాబా మీద బట్టలు ఆరేసే తెరేసమ్మ గారు "ఏం వండుతున్నావమ్మా?" అని అడిగింది. "సీసం అండీ" అంటే, "ఈ కాలం పిల్లలకి అన్నం ఎక్కదు" అని వెళ్ళిపోయింది.

తాతయ్యా, సీసం కరిగే క్షణం ఎంత బాగుందో! అంతసేపూ మొండిగా కూర్చుని, ఒక్కసారిగా తళుక్కున జారిపోతుంది. దానికి సరిపోయే మాట కోసం మధ్యాహ్నమంతా వెతికాను. కరగడం చాలదు, ద్రవించడం గొప్పగా ఉంటుంది, నీరుగారడం నిందలా ఉంటుంది. ఈలోగా మళ్ళీ గట్టిపడిపోయింది.

నువ్వు చెప్పినట్టే అచ్చుని ప్రతిసారీ ఫ్యాను కింద ఆరబెట్టాను. డాబా మీదికి టేబుల్ ఫ్యాను మోసుకెళ్ళిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. గుండ్లు మాత్రం ముడతలు ముడతలుగా వస్తున్నాయి. కొన్ని స్టీఫెన్‌తో పంపుతున్నాను, చూసి చెప్పు.

మామయ్య వచ్చాడు. కుంపటి ముందు నన్ను చూసి, "అమ్మాయ్, నీకు తుపాకీ ఎందుకే? సిటీ బస్సులో సీటు కోసమా?" అన్నాడు. లైసెన్సు కోసం నేను వెళ్ళిన క్లాసు సంగతి కూడా అడిగాడు. తుపాకీని ఎలా మోయాలో, ఎలా భద్రపరచాలో నేర్పారు, ఇంకా కాల్చనివ్వలేదు అన్నాను. "మంచిది. మా హోటల్లో కూడా దాన్ని భద్రపరచడమే" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక గుండు తీసి "ఇదేంటి, జీడిపప్పా?" అని అడిగాడు.

నీ,
శాలూ


చినలంక,
3 ఫిబ్రవరి 2025, సోమవారం.

శాలూకి దీవెనలు.

నీ గుండ్లు అందాయి. మీ మామ జీడిపప్పు అన్నాడంటే వాడికి వంట తెలియదు. నేను చూసినవాటిలో ఒకటి బాదంపప్పు, మిగతావి ఎండుద్రాక్ష. వాడి బిర్యానీకి పంపు. తుపాకీకి పంపకు.

తప్పు నీది. అచ్చు ఇంకా చల్లబడాలి. నువ్వు మాట కోసం వెతుకుతూ కూర్చుంటే సీసం ఆగుతుందా? నువ్వు పోస్తున్నది గుండ్లు కాదు, మాటలు.

గుండు చుట్టూ లోతు గీతల్లా గాళ్ళు ఉన్నాయి చూడు, వాటిలో మైనం పూయాలి. లేకపోతే సీసం గొట్టానికి లోపల అంటుకుపోతుంది. తేనెమైనమే కావాలి, వన్ టౌన్లో దొరుకుతుంది. వేరేది ఏదీ తేకు. గట్టి మైనం పగిలిపోతుంది.

నిన్న పందులు వచ్చి పసుపు రెండు బోదెలు తవ్వాయి. బయటికి వెళ్ళి తుపాకీ పేల్చాను, పోయాయి. మీ అమ్మమ్మ కిటికీలోంచి "ఆ పేల్చడమేదో బందరులో పేల్చు" అంది. ఆమెకి నా మీద ఉన్న గౌరవం నీకు తెలిసిందే.

తాతయ్య


గుణదల,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

ప్రియమైన తాతయ్యా,

విజయం! దొరికింది! మాట కాదు, గుండు.

శుక్రవారం నాడు పిన్ని ఫ్యాను పట్టుకుపోయింది. నేను అచ్చుని మరిచిపోయి కుంపటి పక్కనే వదిలేశాను. అది కాలిపోయేంత వేడెక్కింది. ఎలాగూ పాడైంది కదా అని విసుగ్గా పోశాను. తాతయ్యా, గుండు నున్నగా, గాళ్ళు స్పష్టంగా, అద్దంలా వచ్చింది! మళ్ళీ పోశాను, మళ్ళీ అంతే. అచ్చు చల్లగా ఉంటేనే ముడతలు వస్తున్నాయి. నువ్వు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం. మీ నాన్నగారు చేసేటప్పుడు నువ్వు పొరపాటున వేరేవైపు చూస్తున్నావా?

ఇంక మైనం. వన్ టౌన్ కొట్లో తేనెమైనం ధర చెప్పేముందు ఆ పెద్దాయన తేనెటీగల త్యాగం గురించి చాలాసేపు చెప్పాడు. అక్కడి నుంచి నేను పారిపోయి వచ్చాను. ఈలోగా కొండ మీద మేరీమాత ఉత్సవాలు. మూడు రోజులూ కొవ్వొత్తుల దగ్గర వాలంటీరు పని చేశాను. వేలకి వేలు కొవ్వొత్తులు కరిగి ధారలు కట్టాయి. పోగుచేసి పారేసే మైనమే. ఒక డబ్బా నిండా అడిగి తెచ్చుకున్నాను. ఖర్చు లేదు, పైగా అమ్మవారి సన్నిధిలో కరిగింది. నువ్వు "వేరేది తేకు" అన్నావు, నిజమే. కానీ "అచ్చు చల్లగా ఉండాలి" అని కూడా నువ్వే అన్నావు.

గుండ్లూ, మైనమూ పంపుతున్నాను. పూసి, తుపాకీలో సరిపోతున్నాయో లేదో చూడు.

నీ విజేత,
శాలూ


చినలంక,
16 ఫిబ్రవరి 2025, ఆదివారం.

విజేతకి దీవెనలు.

అచ్చు వేడిగా ఉండాలని నేను మొదటి నుంచీ చెబుతున్నాను. మరీ చల్లగా ఉండకూడదని నా ఉద్దేశం. నువ్వే తిరగేసి చదువుకున్నావు.

నీ మైనం సంగతి చెబుతాను. డబ్బా విప్పగానే మీ అమ్మమ్మ "ఇదేంటి?" అంది. గుణదల మైనం, గుండ్లకి పూస్తాను అన్నాను. అంతే. "మేరీమాత ముందు కరిగిన మైనాన్ని పందుల తుపాకీకి పూస్తావా? నీకు నరకంలో పొయ్యి కూడా ఇవ్వరు" అని డబ్బా లాక్కుని పీఠం మీద పెట్టింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అమలమ్మ వచ్చి మోకాళ్ళకి రాసుకుంది. రాయప్ప దూడ నుదుట పూసుకుపోయాడు. ఇవాళ పూజ అయ్యాక మా వసారాలో వరస కట్టారు. ఈ ఊళ్ళో ఆ మైనం అంటనివి నా గుండ్లు మాత్రమే.

అసలు కష్టం అది కాదు. నీ అద్దంలాంటి గుండుని గొట్టం మూతిలో పెట్టాను. పట్టు లేదు, లోపలికి జారిపోయింది. గొట్టం అరిగింది, గుండు సన్నమైంది. అలాంటిది పేలితే వంకరగా పోతుంది. ఏం చేస్తావో నీ ఇష్టం, వారసురాలివి నువ్వు.

తాతయ్య

శాలూ, నేను అమ్మమ్మని. ఈయన నిద్రపోతున్నాడు, కింద ఖాళీ ఉంటే రాస్తున్నాను. మైనం పంపినందుకు నీకు పుణ్యం, గుండ్లకని పంపినందుకు పాపం, రెండూ సరిపోయాయి. ఒక మాట చెబుతాను. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈయన గుండు పోయగా చూడలేదు. ఆ తుపాకీలో గుండు పెట్టగా కూడా చూడలేదు. మందు కూరి, పైన అరటినార కుక్కి, ఆకాశంలోకి పేలుస్తాడు. పందులు పోతాయి, ఈయన మీసం తిప్పుతాడు. సీసమంతా వలలకే పోయింది. వారసురాలే పోయాలన్న నియమం కిందటి నెలలో పుట్టింది.
శౌరమ్మ


గుణదల,
19 ఫిబ్రవరి 2025, బుధవారం.

అంతోని గారికి,

అమ్మమ్మ రాసింది చదివాను.

నెల రోజులు. డాబా మీద ఫ్యాను. తెరేసమ్మ గారి దృష్టిలో నేను సీసం తినే పిల్లని. పిన్ని నాతో సైగలతోనే మాట్లాడుతోంది. ఇదంతా ఒక గురువుగారి మాట మీద. ఆ గురువుగారు జీవితంలో ఒక్క గుండు పోయలేదు, ఒక్క గుండు పేల్చలేదు. గొప్ప వేటగాడివి తాతయ్యా. ఆకాశానికి ఇంతవరకు ఎన్ని చిల్లులు పడ్డాయి?

ఇంక నీ సలహా ఏదీ వినను. నేనే చదువుకుని, ప్రయత్నించి చూసుకున్నాను. అచ్చు రెండు సగాలకీ మధ్య పల్చటి రేకు పెడితే అవి వెంట్రుకవాసి దూరం జరుగుతాయి, గుండు ఆ మేరకు లావవుతుంది. పిన్ని బీపీ మాత్రల పట్టీ వెనక రేకు సరిగ్గా సరిపోయింది. పిన్ని బీపీ కూడా ఈ మధ్య పెరిగింది కాబట్టి రేకుకి లోటు లేదు. గుండ్లు పంపుతున్నాను. వన్ టౌన్ పెద్దాయన దగ్గర తేనెటీగల కథ పూర్తిగా విని, అసలు తేనెమైనం కూడా కొన్నాను. ఇది అమ్మమ్మకి చూపించు. ఏ మాతకీ సంబంధం లేదని చెప్పు.

గుండు సరిపోతే మందు నింపి, ఏటి ఇసుకదిబ్బకి పలక ఆనించి, ఎవరూ లేకుండా చూసి పేల్చి చూడు. ఈసారి అరటినార వద్దు.

శాలిని


చినలంక,
23 ఫిబ్రవరి 2025, ఆదివారం.

కోపంగా ఉన్న శాలూకి దీవెనలు.

నేనేం అబద్ధం చెప్పాను? మా నాన్న పోసేవాడన్నాను, పోసేవాడే. పందికి కావలసింది మోత, అది ఇచ్చాను. సీసం చేపకి కావాలి, అదీ ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఒక్క ప్రాణి చావలేదు, ఒక్క ఏడు పంట పోలేదు. ఇంతకంటే మంచి వేటగాడు కృష్ణా జిల్లాలో ఉంటే చూపించు.

నీ రేకు గుండు మూతిలో పెడితే బిరడాలా పట్టింది. మెచ్చుకుంటున్నాను, ఒక్కసారే. నిన్న దిబ్బకి పలక ఆనించి, స్టీఫెన్‌ని కాపలా పెట్టి, పేల్చాను.

శాలూ, ఆ తుపాకీ ఇన్నేళ్ళూ పిల్లిలా నా ఒళ్ళో కూర్చుంది. సీసం మింగేసరికి ఎద్దయింది. భుజం మీద తన్నింది. ఇసుకలో వెల్లకిలా పడ్డాను. స్టీఫెన్ పరుగెత్తుకొచ్చి ముందు తుపాకీని లేపాడు, తరవాత నన్ను. లేచి మళ్ళీ పేల్చాను, ఇంకోటి కూడా. గుండ్లు మూడూ దిబ్బలో ఒకే చోట, గుప్పెడంత జాగాలో దిగాయి. గొట్టం మంచిది, గుండు మంచిది. కానీ ఆ చోటు పలకకి బారెడు ఎడంగా ఉంది. నేను పలక అనుకుని చూసింది స్టీఫెన్ విప్పి పెట్టిన చొక్కా నీడని. కళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మని మీ అమ్మమ్మ రెండేళ్ళుగా అంటోంది. ఇప్పుడు ఆ మాట రాగం తీసి పాడుతోంది.

మీ మామ టేపు తెచ్చి తుపాకీ పొడుగు కొలుచుకుపోయాడు. మేకులు కొంచెం ఎడం చెయ్యాలట.

తాతయ్య


గుణదల,
25 ఫిబ్రవరి 2025, మంగళవారం.

తాతయ్యా,

భుజం ఎలా ఉంది? ఇది వెటకారం కాదు, ముందు దానికి జవాబు రాయి.

ఇంక మిగిలింది మూడు రోజులు. తుపాకీ సరిగా ఉంది, గుండు సరిగా ఉంది, పలక కనపడే మనిషి లేడు. స్టీఫెన్ కాలుస్తాడేమో అడుగు. లేదా ఆ పలకని చొక్కా నీడ దగ్గర పెట్టమని బందరులో దరఖాస్తు పెట్టుకుందాం.

నన్ను అడగకు. నేను కాల్చలేను. గుండు పోయడం వేరు. కుంపటి దగ్గర నేనూ సీసమే ఉంటాం, తప్పయితే మళ్ళీ కరిగించుకుంటాం. మైదానంలో పోయిన గుండుని వెనక్కి పిలిచి కరిగించలేను. నేను తప్పితే నీ తోట చెరువైపోతుంది. ఆ చెరువు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు నా చెయ్యి గుర్తొస్తుంది.

ఒక్కోసారి మామయ్యకే ఇచ్చేద్దామా అనిపిస్తోంది. గోడ మీదైతే అది ఎవరినీ తన్నదు. ఎవరూ తప్పు చేయక్కర్లేదు.

శాలూ


చినలంక,
27 ఫిబ్రవరి 2025, గురువారం.

నా శాలూకి,

స్టీఫెన్ గెలలు ఎక్కిస్తున్నాడు, అవి ఎక్కేలోపు రాసెయ్యాలి. భుజం నల్లగా కమిలింది. మీ అమ్మమ్మ కాపడం పెడుతూ తిడుతోంది, రెండూ వేడిగానే ఉన్నాయి.

"మామయ్యకే ఇచ్చేద్దామా" అని నువ్వు రాసిన ముక్క ఆమెకి చదివి వినిపించాను. నాకు అన్నం పెట్టలేదు. రాసింది నువ్వు, పస్తు నాకు. ఈ ఇంట్లో న్యాయం అలాగే నడుస్తుంది.

మట్టి బాగుందన్న ఆయన ఫోను చేశాడు. జేసీబీ మాట్లాడుకుంటాడట, మాట చెప్పమన్నాడు. రేపు సాయంత్రం చెబుతానన్నాను.

నిన్న బందరు వెళ్ళాను. లైసెన్సు ఉన్నవాళ్ళయినా, వారసులైనా కాల్చవచ్చని ఆ కాగితంలోనే ఉంది. పక్కన ఒక కానిస్టేబుల్ నిలబడి ఎలా పట్టుకోవాలో, ఎలా చూడాలో నేర్పిస్తాడట. నాకు తెలియని సంగతులు కాబట్టి ఆయన మాట విను. కాల్చేది ఎవరని అడిగారు. నీ పేరు రాయించాను.

కాగితం చింపకు, పూర్తిగా చదువు. స్టీఫెన్‌ని ఆ కాగితం ఒప్పుకోదు, అయినా నువ్వు అడగమన్నావని అడిగాను. తుపాకీ తన్నడం చూశాక వాడికి రేపు చుట్టాలు వస్తున్నారని గుర్తొచ్చింది. ఇంక మనిద్దరమే. నేను ఇన్నేళ్ళలో ఒక్కటీ కొట్టలేదు. నువ్వు ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు. మనిద్దరిలో పేరు చెడనిది నువ్వే.

తప్పితే తోట పోతుంది, నిజమే. పోతే నువ్వు తప్పినందుకు కాదు, నేను నా కళ్ళు చూపించుకోనందుకు పోతుంది. ఆ చెరువు ముందు నుంచి వెళ్ళినప్పుడు నన్ను తిట్టుకో. నీకు మాటలు బాగా వచ్చు.

ఈ ఉత్తరం స్టీఫెన్ ఇవాళ రాత్రే నీకు ఇచ్చి వెళతాడు, రేపు పొద్దున మార్కెట్లో గెలలు దించి ఐదింటికి మళ్ళీ మీ గేటు దగ్గరికి వస్తాడు. ముందు సీట్లో కూర్చో, వెనక అరటి బంక అంటుతుంది. మేమిద్దరం తుపాకీ పెట్టెతో మొదటి బస్సుకి బయలుదేరి బందరు బస్టాండ్‌లో ఉంటాం. ముందు ఇడ్లీ తిందాం, ఖాళీ కడుపుతో గురి కుదరదు. పది గంటలకి పిలుస్తారు. లైసెన్సు చూపమని నా పేరు పిలిస్తే నేను లేస్తాను, కాల్చమని నీ పేరు పిలిస్తే నువ్వు లే. మీ మామ కూడా టేపు జేబులో పెట్టుకుని వస్తాడు, వాడి వైపు చూడకు. నిన్ను పలక ముందు నిలబెట్టాక, వాళ్ళు ఒప్పుకున్నంత దగ్గరలో నేను నీ వెనకే ఉంటాను. ఎలా కాల్చాలో చెప్పను. అది తన్నితే పట్టుకుంటాను.

ఐదింటికి గేటు దగ్గర ఉండు. స్టీఫెన్ హారన్ కొడితే పిన్నికి బీపీ.

తాతయ్య